ఎద్దుమూపు గుట్ట మీదికి

సవతి ఉంటే ఎలా ఉంటుందో నాకు తెలియదు. మా ఆయన కువైట్ నుంచి వచ్చిన ఆ ఏడు, వానలు వెనకపట్టి సీతాఫలాలు కళ్లు తెరుస్తున్న రోజుల్లో మాత్రం కొంచెం తెలిసింది. సవతి ఎవరో కాదు, ఆయనే. పంచుకోవలసింది మొగుణ్ని కాదు, పిల్లల్ని.

ఆయన పేరు మహిపాల్. ఏసీలు బాగుచేసే పని. ఆశ్రిత గోడ పట్టుకుని నడక నేర్చుకుంటున్నప్పుడు వెళ్లాడు. మధ్యలో ఒకసారి వచ్చి వెళ్లాడు. ఆ తర్వాత రాకీ పుట్టాడు. ఆ తర్వాత కరోనా, ఆ తర్వాత కంపెనీ మారడం, రావడం వాయిదా మీద వాయిదా పడుతూ వచ్చింది. రాకేష్ అని పేరు పెట్టుకున్నాం గానీ వాణ్ని ఆ పేరుతో పిలిచేది బడిలో టీచరు ఒక్కతే. నాలుగేళ్ల రాకీకి తండ్రి అంటే ఫోన్లో కనపడే మనిషి. సిగ్నల్ పోతే ఆగిపోతాడు, వస్తే నవ్వుతాడు.

అందుకే కామారెడ్డి బస్టాండులో పెద్ద అట్టపెట్టెతో మహిపాల్ దిగినప్పుడు రాకీ నా కొంగు పట్టుకుని వెనక్కి నక్కాడు.

"ఈయన కాదు. మా డాడీ ఫోన్ల ఉంటడు" అన్నాడు.

అందరూ నవ్వారు. మహిపాల్ కూడా నవ్వి, పెట్టెకు కట్టిన తాడు సరిచేస్తున్నట్టు కిందికి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. నాకు జాలేసింది. అబద్ధమెందుకు, ఆ జాలి కింద ఇంకొకటి కూడా ఉంది. ఆకలి మీద తిన్న అన్నంలాంటి నిండుతనం.

మొదటి వారమంతా పిల్లలిద్దరూ నా చుట్టే తిరిగారు. ఆయన చాక్లెట్ ఇస్తే రాకీ ముందు నా కళ్లలోకి చూసేవాడు. నేను తలూపాకే చెయ్యి చాపేవాడు. ఆ చూపు కోసమైనా పెట్టెలో చాక్లెట్లు అయిపోకూడదనిపించేది నాకు.

తర్వాత ఒకరోజు ఆయన ముందుగదిలో పాత టేబుల్ ఫ్యాను విప్పుతూ కూర్చున్నాడు. రాకీ గడప మీద నిలబడి చూస్తున్నాడు. వాడికి దేన్ని చూసినా విప్పాలని యావ. మిక్సీ మూతా, టీవీ రిమోటూ, నాయినమ్మ కళ్లద్దాలూ ఏదీ వదలడు. నేను వీపు మీద ఒకటేసి లాక్కొచ్చేదాన్ని. మహిపాల్ వాడి వైపు చూడకుండానే స్క్రూడ్రైవరు చాపాడు.

"ఇది తిప్పు. ఎడమ దిక్కు."

రాకీ నా వైపు చూడలేదు. నేరుగా వెళ్లి ఆయన తొడకు ఆనుకుని కూర్చున్నాడు. అంతే. ఆ పూటతో వాడు పోయాడు.

స్నానం డాడీ పోయాలి. అన్నం డాడీ కలపాలి. పడుకునేది డాడీ చెయ్యి మీద. ఆశ్రిత కొంత కాలం బెట్టు చేసింది, ఎనిమిదేళ్ల పిల్ల కదా. కానీ ఆయన రోజూ బడిదాకా నడిపించుకుంటూ వెళ్లి, దాని స్నేహితుల పేర్లు, వాళ్ల తగువులు, ఏ టీచరు ఎందుకు కోప్పడుతుందో అన్నీ బట్టీపట్టేశాడు. అవన్నీ అంతకుముందు నాకు చెప్పే మాటలు. ఇప్పుడు ఇంటికొచ్చేసరికి దాని దగ్గర చెప్పడానికి ఏమీ మిగిలేది కాదు. "డాడీకి చెప్పిన గదా" అనేది.

ఇన్నేళ్లూ నా ఒళ్లో ఒకవైపు బీడీల చాట ఉంటే ఇంకోవైపు ఏదో ఒక పిల్ల తల ఉండేది. ఆ వానాకాలం చివర్లో చాట ఒక్కటే మిగిలింది.

"రక్తం రక్తమే వనజా" అనేది మా అత్త సుగుణమ్మ, ముందుగదిలోంచి వచ్చే నవ్వులు వింటూ. "ఎన్నేండ్లు దూరమున్నా పిల్లలు తండ్రిని గుర్తువడ్తరు."

"అవునత్తా" అనేదాన్ని. మరి నాది రక్తం కాదా, టమాట పులుసా అని లోపల అనుకునేదాన్ని.

పక్కింటి అనిల నాతో కలిసి బీడీలు చుట్టేది. "అదృష్టవంతురాలివే నువ్వు" అంది ఒకరోజు. "మా ఆయన దుబాయి నుంచి వచ్చిండంటే కల్లు కాడికెళ్లి ఇంటికి రాడు. నీ మొగడు పోరగాండ్లకు తలలు దువ్వుతుండు."

ఏం చెప్పను? ఎవరైనా మొగుడు తాగొచ్చాడంటే వింటారు, కొట్టాడంటే వింటారు. మొగుడు పిల్లల్ని మరీ బాగా చూసుకుంటున్నాడు, నాకు కడుపు మండిపోతోంది అంటే ఎవరు వింటారు?

బతుకమ్మ సెలవులు మొదలైన రోజు అన్నాలు తింటుండగా మహిపాల్ చెప్పాడు.

"గుట్ట ఎక్కుదాం. మనం నలుగురం. పొద్దున పోయి మధ్యాహ్నం వరకు దిగుడే."

పిల్లలు కేకలు పెట్టారు. నేను పప్పు గిన్నె దించి ఆయన వైపు చూశాను. ఆయన నాకే చెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పుకొచ్చాడు.

"మా రూముల ఒక నేపాలోడు ఉంటుండె. వాని పిల్లలు బడికి పోవాల్నంటే ఒక గుట్ట ఎక్కి దిగాల్నట. ఫొటోలు చూపిస్తుండె. నాకేమో గక్కడ కండ్లు ఎంత దూరం పోతే గంత దూరం ఇసుకనే. నా పిల్లల్ని ఒక్కసారన్న గుట్ట ఎక్కియ్యాలె అని గప్పుడే అనుకున్న."

"ఏ గుట్ట డాడీ?" అంది ఆశ్రిత.

"ఎల్లారెడ్డి కాడ ఎద్దుమూపు గుట్ట. మన గుట్ట."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. అది మా అవ్వగారి ఊరి, అంటే నా పుట్టింటి వెనక గుట్ట. ఎండాకాలం బీడీల తునికాకు కోసం, ఈ రోజుల్లో సీతాఫలాల కోసం మా అవ్వ వెంట చిన్నప్పుడు ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు. పెళ్లయిన కొత్తలో ఆయనకు బస్సు కిటికీలోంచి వేలు పెట్టి చూపించాను, "గదిగో మా గుట్ట" అని. ఇప్పుడది మన గుట్ట అయింది. రేపోమాపో డాడీ గుట్ట అవుతుంది.

ఇక ఇంట్లో వేరే మాట లేదు. పిల్లలకు బూట్లు కొన్నాడు. కొన్నరోజు నుంచే ఇంట్లో వేసుకుని తిరగమన్నాడు. "కొత్త బూట్లు గుట్ట మీద మొదటిసారి ఏస్తే కాలు కొరుకుతయ్. ముందుగాల్నే మెత్తగ చెయ్యాలె." చెరో చిన్న సంచి, అందులో ఎవరి నీళ్లు వాళ్లవి, ఎవరి రుమాలు వాళ్లది. మెడలో చెరో ఈల. తప్పిపోతే కదలకుండా ఒక చెట్టు పట్టుకుని నిలబడి ఊదాలట. ఆ ఈలలతో ఇల్లు రైల్వే గేటు అయిపోయింది. పొద్దున్నే పిల్లల్ని లేపి చెరువు కట్టదాకా నడిపించుకొచ్చేవాడు. మంచం మీంచి లేవనని నన్ను ఏడిపించే రాకీ, ఆయన తలుపు దగ్గర చిన్నగా దగ్గితే చాలు, కళ్లు నులుముకుంటూ బూట్లు వెతుక్కునేవాడు.

"చిన్నోడు ముందట నడువాలె" అని పిల్లలకు చెప్పేవాడు. "వాని నడకనే అందరి నడక. ఆశ్రితేమో మా కెప్టెన్. అది కూసోమన్న కాడ కూసోవాలె. పైదాంక పోవాల్నని ఏం లేదు. ఎక్కడ చాలనిపిస్తే గదే మన కొస."

నేను ఊరుకోలేదు.

"పాములుంటయ్" అన్నాను.

"కట్టె పట్టుకొని చప్పుడు జేస్కుంట పోతం."

"ఎండకు తాళలేరు."

"తెల్లారంగనే ఎక్కుడు. ఎండ ముదిరేసరికి దిగుడు."

"రాకీ సగం దూరం పోంగనే ఎత్తుకో అంటడు. నీకు తెల్వది, వాడు కూరగాయల మార్కెట్ దాంకనే నడువడు."

"అంటే ఎత్తుకుంట. నా బిడ్డనే కదా."

ఏడేళ్లు ఆ ఇంట్లో ఎవరు ఏది అడిగినా జవాబు నా దగ్గర ఉండేది. ఇప్పుడు జవాబులన్నీ ఆయన దగ్గరికి చేరాయి. నా దగ్గర అడ్డుపుల్లలే మిగిలాయి.

అప్పుడు ఆయన, చాలా ప్రేమగానే, ఒక మాట అన్నాడు.

"నువ్వు గుట్టకు రాకున్నా ఏం కాదు వనజా. మీ అవ్వ కాడ కాళ్లు సాపుకొని పండుకో. గిన్నేండ్ల సంది ఒక్క పూటన్న ఒక్కదానివి ఉన్నవా? నేను సూస్కుంట వీళ్లను."

ఇంకో ఆడదయితే ఆ మాటకు కరిగిపోయేది. నాకు మాత్రం ఎవరో నన్ను బయటికి నెట్టి తలుపుకు గొళ్లెం పెట్టినట్టయింది.

"నేనూ వస్త" అన్నాను.

"ఎందుకే, జర నిమ్మలంగ ఉండరాదు?"

"నిమ్మలంగనే ఉన్న. నేనూ వస్త."

ఎల్లారెడ్డికి బయల్దేరే ముందు సాయంత్రం, మహిపాల్ సంచులు సర్దుతుంటే, రాకీని ఎలాగో పట్టుకుని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. వాడి జుట్టు ఆయన సబ్బు వాసన వేస్తోంది. అది కూడా నచ్చలేదు నాకు.

"రాకీ, గుట్ట మీద ఎలుగ్గొడ్డు ఉంటది. చిన్న పోరగాండ్లను చూస్తే వెంటవడ్తది. నువ్వు అమ్మమ్మ ఇంట్ల నా దగ్గర్నే ఉంటవా? మనిద్దరం ఆడుకుందాం."

వాడి కింది పెదవి వణికింది. ఇప్పుడు నా మెడ కరుచుకుంటాడు అనుకున్నాను. చేతులు బిగించాను కూడా. వాడు నా ఒళ్లోంచి జారి, "డాడీ, ఎలుగ్గొడ్డు!" అని అరుస్తూ ముందుగదిలోకి పరుగెత్తాడు.

మహిపాల్ వాణ్ని ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చి నన్ను చూశాడు. వాడి వీపు నిమురుతూ వాడికే చెప్పాడు. "అమ్మమ్మకు ఫోన్ జేసి అడిగిన రాకీ. మనం పోయే దిక్కు పగటిపూట రాదట. దానికే మనుషులంటే బుగులు. మనం ముచ్చట పెట్టుకుంట పోతే అదే ఉర్కుతది." తర్వాత కూడా ఆ సంగతి ఎత్తలేదు. ఒక మాట తిట్టినా బాగుండేది. తిట్టకపోవడంలో కూడా ఆయనే గెలిచాడు.

లింగంపేట దాటాక రోడ్డుకు రెండు వైపులా అడవి మొదలైంది. పిల్లలిద్దరూ ఆయనకు అటొకరు ఇటొకరు. నాకు వెనక సీటు దొరికింది. మా అవ్వ చంద్రవ్వ బస్టాండుకే వచ్చింది. మనవడు తనను దాటి అల్లుడి చెయ్యి పట్టుకుని నడవడం చూసి నవ్వింది.

"గిన్నొద్దులకు నీ చెయ్యి ఖాళీ అయింది బిడ్డా" అంది.

నేను నవ్వలేదు. మా అవ్వ నా మొహం చూసి నా సంచి అందుకుంది.

తెల్లవారుజామున మా అవ్వ సర్వపిండి చేసి, గుడ్లు ఉడకబెట్టి సద్ది కట్టింది. మేం గుట్ట మొదటికి చేరేసరికి గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. బతుకమ్మ పూల కోసం వచ్చిన ఆడవాళ్లు గునుగు కోసుకుంటున్నారు. తంగేడు చెట్లు పచ్చగా పూసి ఉన్నాయి. రాకీ అందరికన్నా ముందు, ఈల ఊదుకుంటూ. వాడి వెనక ఆశ్రిత, దాని వెనక కట్టెతో మహిపాల్. చిట్టచివర నేను. సద్ది ఆయన వీపున ఉంది. నీళ్లు పిల్లల వీపున ఉన్నాయి. నా చేతుల్లో ఏమీ లేదు.

ఆ మలుపు దాకా పోతాడు, కూలబడతాడు, "అమ్మా ఎత్తుకో" అంటాడు. అలా అనుకుంటూనే నడిచాను. మలుపు వచ్చింది, పోయింది. ఆ పెద్ద బండ దగ్గర అంటాడు అనుకున్నాను. బండా పోయింది. వాడు కూలబడింది ఒకే ఒక్కసారి. అదీ దారికి అడ్డంగా పోతున్న చీమల బారు చూడటానికి. నేనైతే రెక్క పట్టుకుని లాగేదాన్ని, ఎండెక్కుతోంది పద అని. మహిపాల్ సంచి దింపి వాడి పక్కన బోర్లా పడుకున్నాడు. తండ్రీకొడుకులిద్దరూ గడ్డాలు మట్టికి ఆనించి ఏదో మాట్లాడుకున్నారు. చీమల గురించే అనుకుంటాను. నాకు వినపడలేదు.

కొంచెం పైన పాకురు పట్టిన బండ ఒకటి ఉంది. అక్కడ రాకీ కాలు జారింది. మోకాలు చెక్కుకుపోయి నెత్తురు చిమ్మింది. ఆ క్షణాన వాడికి దగ్గరగా ఉన్నది నేనే. ఆశ్రిత పూలు కోయడానికి ఆగితే దాని కోసం ఆయనా ఆగాడు, ఇద్దరినీ దాటి నేను ముందుకు వచ్చి ఉన్నాను. మహిపాల్ ఇంకా కింద ఉన్నాడు. నేను వంగి రెండు చేతులూ చాపాను. వాడు లేచాడు. ఏడుపు గొంతుదాకా వచ్చి ఆగింది. నన్ను చూశాడు. చూసి, దారిలో పడి ఉన్న రాయిని తప్పించుకు పోయినట్టు నన్ను తప్పించుకుని, కిందికి, తండ్రి దగ్గరికి పోయి, అప్పుడు ఏడ్చాడు.

మహిపాల్ నీళ్లతో మోకాలు కడిగి రుమాలు కట్టాడు. వాడి తల మీంచి నన్ను చూశాడు. నేను మొహం తిప్పుకున్నాను. పక్కన సీతాఫలం చెట్టు ఉంటే కాయలు చూసే వంకతో దాని వెనక్కి వెళ్లి కూర్చున్నాను. చాపిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒక కాయ కోసి చేతుల్లో పట్టుకున్నాను.

ఆశ్రిత వచ్చింది.

"కోపమొచ్చిందా అమ్మా?"

"ఎందుకొస్తది."

"రాకీ నీ దగ్గరికి రాలేదని."

అది నా పక్కన చతికిలబడి, పెద్దమనిషిలా గొంతు తగ్గించింది.

"వాన్ని ఏమనకమ్మా. నేనే చెప్పిన వానికి. డాడీ మల్ల పోతడు కదా. ఉన్నన్ని రోజులు డాడీ దగ్గర్నే ఉందాం అన్న. నువ్వైతే యాడికి పోవు కదా."

దాని మొహంలో జాలి లేదు, కొంటెతనం లేదు. బియ్యం డబ్బాలో బియ్యం ఉంటాయి అన్నంత మామూలుగా చెప్పింది. నా చేతిలో కాయ తీసుకుని నొక్కి చూసి, "ఇది పండుతదా?" అని అడిగింది.

"పండుతది. కన్ను తెరిచింది చూడు."

అది కాయ పట్టుకుని పరుగెత్తింది. నేను కాసేపు అక్కడే కూర్చున్నాను. గుండెల మీది బరువు కొంచెం దిగింది. పోయేవాడి మీద ప్రేమ అది. పోయాక మళ్లీ నా దగ్గరికే వస్తారు. ఆయన సెలవు అయిపోవడానికి ఇంకెంతో లేదు. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఎద్దు మూపులా ఉన్న చివరి బండ కింద చదునైన చోట ఆశ్రిత చెయ్యెత్తి "గిదే కొస" అంది. అక్కణ్నుంచి ఎల్లారెడ్డి ఇళ్లు, వరి పొలాలు కనపడుతున్నాయి. దూరంగా ఏదో నీళ్ల తళుకు. పోచారం చెరువు అన్నాడు మహిపాల్. కాదన్నాను నేను. సద్ది తిన్నాక పిల్లలు రాళ్లు పేర్చుకుంటూ ఆడుకున్నారు. ఆయన నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"వనజా, నేను మల్ల పోతలేను."

"యాడికి?"

"కువైట్‌కు. కంపెనీల చెప్పే వచ్చిన. నీతో చెప్పాల్నంటే ధైర్యం రాలే. పిల్లలు నన్ను రానిస్తరో లేదో చూసి చెబుదామనుకున్న."

ఎన్ని రాత్రులు నేను ఆ మాట కోసం దేవుళ్లకు మొక్కుకున్నానో. చివరికి వచ్చినప్పుడు నాకు సంతోషం రాలేదు. ఆశ్రిత మాటే చెవిలో మోగింది. ఈయన పోయేవాడు కాదు. ఇద్దరం ఉండిపోయేవాళ్లమే. అయితే ఇక వాళ్లు నా దగ్గరికి ఎప్పుడు వస్తారు?

"మంచిదే" అన్నాను.

"మంచిదేనా? గంతేనా?"

"ఇంకేం అనాలె?" నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. "ఏడేండ్లు నేనొక్కదాన్నే సాకిన. జ్వరాలకు, దగ్గులకు, బడికి, గుడికి నేనే. నువ్వొచ్చి నిండ రెండు నెలలు కాలే. వాడు నెత్తురు కారుకుంట నన్ను దాటి నీ దగ్గరికొచ్చిండు. నాకు మండుతున్నది మహిపాల్. ఏం జెయ్యాలె?"

పేరు పెట్టి పిలవడం నాకు అలవాటు లేదు. ఆయన నా వైపు తిరగలేదు. దూరంగా ఆ నీళ్ల వైపే చూస్తూ అన్నాడు.

"నాకు ఏడేండ్లు మండింది."

"నీకా?"

"ఫోన్ల ముందుగాల ఆశ్రిత, తర్వాత వాడు నీ ఒళ్లె కూసోని నాకు టాటా చెప్తుండె. నువ్వు వాని తల నిమురుతుంటివి. వాడు నన్ను చూసుడు బంజేసి నీ గాజులతోని ఆడుకుంటుండె. ఫోన్ పెట్టినంక నాకు బుక్క దిగకపోయేది. నీ మీదనే కోపమొచ్చేది. గంత దూరంల ఉండి ఎవరికి చెప్పుకోవాలె?"

నాకు ఆ సంగతి తెలియదు. ఆ ఫోన్లప్పుడు ఆయన నవ్వుతూనే ఉండేవాడు. నేను వాడి తల నిమిరేది ఆయనకు చూపించడానికే. నీ కొడుకు బాగున్నాడు, బెంగపడకు అని. రాకీ ఈల ఊదాడు, రాళ్ల గోపురం చూడమని. ఇద్దరం లేచి వెళ్లి చూశాం.

దిగేటప్పుడు రాకీ ఆయన భుజం మీద నిద్రపోయాడు. ఆశ్రిత తండ్రి చొక్కా అంచు పట్టుకుని ఒక్కో అడుగూ చూసి వేస్తోంది. వాళ్ల వెనక నడవడం నాకు విసుగనిపించి దాటి ముందుకు వచ్చాను. ఆ దారి నా కాళ్లకు తెలుసు. కానీ ఖాళీ చేతులతో దిగడం అదే మొదలు. చిన్నప్పుడు నెత్తిన ఆకుల కట్ట ఉండేది. తర్వాత ఎక్కడ నడిచినా చంకన పిల్ల ఉండేది. ఏ మొద్దు దగ్గర ఎప్పుడు మలుపు తిరిగానో తెలియకుండా దిగిపోయాను. వెనక్కి చూస్తే వాళ్లు చాలా పైన, చిన్నగా ఉన్నారు. ఎవరూ నన్ను పిలవలేదు. ఛాతీలో మంట అలాగే ఉంది. కాళ్లకు మాత్రం ఇంకా నడవాలని ఉంది.

కింద పూలు కోసే ఆమె ఒకతె సంచి బిగిస్తూ అడిగింది, "పొద్దున పోరగాండ్లతోని ఎక్కింది నువ్వే కదా? పిల్లలేరి?"

"వస్తున్నరు, వాళ్ల నాయినతోని" అన్నాను.

ఆ మాట నా నోట రావడం అంతకుముందు ఎప్పుడూ లేదు.

దసరా పోయింది. మహిపాల్ మా ముందుగదికే బోర్డు పెట్టి పని మొదలుపెట్టాడు. చలికాలం ఏసీలు ఎవరు విప్పుతారు? ఫ్రిజ్జులూ మోటార్లూ ఒకటీ అరా వచ్చేవి. మిగతా పొద్దంతా ఇంట్లోనే, పిల్లలతోనే. నేను చాట ముందేసుకుని వాళ్ల ఆటలు వింటూ కూర్చునేదాన్ని. వినడం ఎక్కువై చుట్టడం తక్కువైంది. ఒకరోజు అనిల చెప్పింది, భిక్నూర్ రోడ్డు మీద బట్టలు కుట్టే షెడ్డు పెట్టారని, మిషను వచ్చిన ఆడవాళ్లను తీసుకుంటున్నారని. నాకు మిషను పెళ్లికి ముందే వచ్చు.

"నేను పోత" అన్నాను ఆ సాయంత్రం.

మా అత్త ముక్కున వేలేసుకుంది. "మొగడు దేశం మీద ఉన్నొద్దులు ఇంట్ల ఉండి, మొగడు ఇంటికొచ్చినంక బయటికి పోతదట! ఎవ్వలన్న ఇంటే ఏమనుకుంటరు?"

మహిపాల్ అన్నం కలుపుతూ ఆగాడు. నా మొహంలో ఏదో వెతికాడు. ఇది పంతమా అని చూశాడేమో. పంతం కూడా ఉంది. కానీ దాంతోపాటు గుట్ట దిగుతున్నప్పటి కాళ్లు కూడా ఉన్నాయి. అది ఎలా చెప్పడం?

"పోనీయమ్మా" అన్నాడు వాళ్లమ్మతో. "పిల్లల్ని నేను సూస్త."

మొదటిరోజు బస్సు దిగి మా గల్లీలోకి తిరిగేసరికి దీపాలు పెట్టే వేళయింది. నడుము పట్టేసి ఉంది. చెవుల్లో ఇంకా మిషన్ల హోరు. ఇంటి ముందు చిన్న ఆకారం ఒకటి గేటు కడ్డీల మధ్య మొహం పెట్టి రోడ్డు వైపు చూస్తోంది. నన్ను చూడగానే ఒక కేక పెట్టింది. గేటు తోసుకుని చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి నా మోకాళ్లకు గుద్దుకుంది.

"అమ్మొచ్చింది! అమ్మొచ్చింది!"

ఎత్తుకున్నాను. రాకీ రెండు చేతులూ నా మెడ చుట్టూ వేసి, ఊపిరాడకుండా బిగించాడు. ఆశ్రిత వెనకాలే వచ్చి బడిలో జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పడం మొదలుపెట్టింది. ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో, ఏ టీచరు ఏమందో. "డాడీకి చెప్పినవా?" అని అడిగాను. "లేదు, నీకే ఫస్ట్" అంది.

గుమ్మంలో మహిపాల్ నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో కంచం, రెండో చేతి వేళ్లకు పెరుగన్నం.

"రాకీ, ఇంకొక్క బుక్కనే ఉన్నది. రా బిడ్డా" అన్నాడు.

రాకీ వినలేదు. నా మెడ దగ్గర మొహం పెట్టి, పొద్దున నేను వెళ్లినప్పటి నుంచి తాను ఏమేం చేశాడో చెబుతున్నాడు. మహిపాల్ ఇంకోసారి పిలిచాడు. ఈసారి కొంచెం మెల్లగా. ఆ బుక్క పట్టుకున్న చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

"పోరా, డాడీ పిలుస్తుండు" అని నేను ఒక్క మాట అంటే వాడు దిగి పోతాడు.

అందాంలే, ఇంకాసేపాగి, అనుకున్నాను. వాణ్ని ఇంకో చంకకు మార్చుకుని అక్కడే నిలబడ్డాను.